తప్పెవరిదో చెప్పొద్దు

సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఎస్తేరు ఆఫీసు తాళం తీసి, ఫ్యాను వేసి, కంప్యూటర్ మీట నొక్కి, చీపురు అందుకుంది. రోజూ ఊడ్చడం పూర్తయ్యేలోపు తెర మీద సాగర్ డ్యాం బొమ్మ ప్రత్యక్షమయ్యేది. ఆ రోజు డ్యాం రాలేదు. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. "ప్రియమైన మిత్రులారా" అని మొదలుపెట్టి, మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, తాళంచెవి కావాలంటే ఫలానా చోటికి డబ్బు పంపండి, నాలుగు రోజులు గడువు అని ఎంతో మర్యాదగా రాశారు. కింద ఒక గడియారం వెనక్కి నడుస్తోంది.

ఎస్తేరు చీపురు చేతిలో పట్టుకునే రెండుసార్లు చదివింది. తర్వాత చీపురును గోడకు ఆనించి, వంగి, ఇంటర్నెట్ వైరు పీకేసింది. అంతకుమించి ఏం చేయాలో ఆమె చదివిన బీకాంలో ఎక్కడా చెప్పలేదు.

రామన్నపేట గొర్ల కాపరుల కంపెనీ అంటే చిట్యాల రోడ్డు మీద రెండు గదుల కిరాయి ఇల్లు, వెనక ఒక కోల్డ్ రూము, నూట అరవై మంది సభ్యులు, ముగ్గురు డైరెక్టర్లు, ఒక్క ఎస్తేరు. నెల జీతం తీసుకునేది ఆమె ఒక్కతే కాబట్టి ఆర్డర్లు రాయడం, బిల్లులు కొట్టడం, ఆటోలు మాట్లాడటం, ఊడ్చడం కూడా ఆమె నెత్తి మీదే పడ్డాయి. ఆమెకు ఆ ఉద్యోగం ఇష్టం. వాళ్ల వాడలో టేబుల్ వెనక కుర్చీ ఉన్న మొదటి ఆడపిల్ల తనే. ఆ మాట ఎవరితోనూ అనదు గానీ, రోజూ కుర్చీలో కూర్చునేముందు ఒక్కసారి చున్నీ సర్దుకుంటుంది.

ఫోను మోగింది. నకిరేకల్ నుంచి విజేందర్. శుక్రవారం ఆయన చెల్లెలి పెళ్లి, పదకొండు పొట్టేళ్లకు ఆర్డరిచ్చాడు.

"ఏం మేడం, నిన్న సగం పైసలు కొట్టిన గదా. రశీదు పంపకపోతిరి?"

"ఏం పైసలు సార్?"

"మీ ఆఫీసు నుంచే ఫోన్ చేసిండ్రు. నా పేరు, పెండ్లి తారీకు, పదకొండు పొట్టేళ్లు, అన్ని వాళ్లే చెప్పిండ్రు. గిరాకి ఎక్కువున్నది, సగం ముందు కొడితెనే ఆపుతం అన్నరు. నంబర్ పంపిండ్రు, కొట్టిన."

ఎస్తేరు కుర్చీలో కూలబడింది. ఆ పూట చున్నీ సర్దుకోవడం గుర్తు రాలేదు.

అధ్యక్షురాలు గోపమ్మ పది గంటలకు వచ్చింది. మందను మేతకు తోలి, అంబలి తాగి, కర్ర చేతబట్టుకుని నడిచి రావడం ఆమెకు అలవాటు. అధ్యక్షురాలి కుర్చీ గిర్రున తిరుగుతుందని అందులో ఎప్పుడూ కూర్చోదు, గోడవార బల్ల మీద కూర్చుంటుంది.

"పెద్దమ్మా, మన కంప్యూటర్ల దొంగలు పడ్డరు," అంది ఎస్తేరు.

గోపమ్మ తలుపు గొళ్లెం చూసింది, కిటికీ చువ్వలు చూసింది. "యాడికెల్లి వచ్చిండ్రే?"

"వైరుల కెల్లి."

"ఏం ఎత్కపోయిండ్రు?"

"అన్ని ఈడనే ఉన్నయి. కాని మనం తెరవరాదు, తాళం ఏసిండ్రు. గిరాకీలందరి పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవలికి ఎప్పుడు పెండ్లున్నదో అన్ని నకలు తీస్కున్నరు."

"మనకాడ ఉన్నయి, వాళ్లకాడ గూడ ఉన్నయి. గిదేం దొంగతనమే!" గోపమ్మ బుగ్గ నొక్కుకుంది. గొర్రె పోతే దొడ్డిలో ఒకటి తగ్గాలి కదా అని ఆమె లెక్క. ఎస్తేరు విజేందర్ సంగతి చెప్పాక మాత్రం ఆమె మొహంలో నవ్వు పోయింది. "పెండ్లోళ్ల పైసలా," అంది.

పావుగంటలో డైరెక్టర్ పరశురాములు మోటార్ సైకిల్ మీద వచ్చాడు. తనను అందరూ సార్ అనాలని ఆయనకు చాలా కోరిక, ఎస్తేరు ఒక్కతే అంటుంది. నల్లటి తెర ముందు వంగి, చదువుతున్నట్టు పెదాలు కదిపి, లేచి నిలబడి అడిగాడు.

"దీనికి పాస్‌వర్డ్ ఉంటది గదా. ఎవలి దగ్గరున్నది?"

"నా దగ్గర సార్. మీకు గూడ ఎరుకే గదా, ఐతారం మీరే కూసుంటరు."

"నాకా? నాకు బిల్లు కొట్టుడొక్కటే ఎరుక." ఆయన గోపమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. తగ్గించినా అది గదంతా వినిపించే గొంతే. "వదినా, లోపలోళ్లు చెప్పకుంటె బయటోళ్లకెట్ల తెలుస్తది?"

ఎస్తేరు జవాబు చెప్పడానికి నోరు తెరిచేసరికి బీమా ఏజెంటు ప్రేమ్‌సాగర్ గుమ్మంలోకి వచ్చాడు. ఆమె వాడవాడే, వరసకు అన్న. ఎస్తేరు ఫోన్ చేయగానే సగం గీసిన గడ్డంతోనే బయలుదేరి వచ్చాడు.

"ఫికర్ చేయకుండ్రి. మీకు సైబర్ పాలసీ ఉన్నది. పోయినేడు మీకాడ మటన్ కొనే హైదరాబాద్ హోటలోళ్లు అడిగితె చేపిస్తిమి గదా." బల్ల మీద కూర్చుని కాగితాలు పరిచాడు. "చూడు పెద్దమ్మా, మనకైన నష్టం ఒకటి. కంప్యూటర్ బాగు చేసేటోళ్ల ఖర్చు, పని ఆగిన రోజుల నష్టం ఇస్తరు. అసలుది ఇంకోటి. మన దగ్గర్నుంచి పేర్లు పోయినందుకు విజేందర్ అసోంటోళ్లు మునిగిండ్రనుకో. వాళ్లు మన మీద కేసేస్తే వకీలును పెట్టేది బీమా కంపెనీయే, నష్టం కట్టేది గూడ వాళ్లే."

"మంచిగనే ఉన్నది," అంది గోపమ్మ.

"కాని షరతులున్నయి. దొంగలకు పైసలియ్యొద్దు. కంప్యూటర్ డబ్బను ఎవ్వలు ముట్టొద్దు, ఫార్మాట్ చేయొద్దు. ఇయ్యాల్నే పోలీసులకు, బీమా కంపెనీకి చెప్పాలె. ఇగ అన్నిటికంటె పెద్దది," ప్రేమ్‌సాగర్ వేలెత్తాడు, "తప్పు మాదే అని ఎవ్వల దగ్గర ఒప్పుకోవద్దు. నోటిమాట గూడ ఇయ్యొద్దు."

"తప్పు మనదైతె గూడ?"

"మనదైతె గూడ."

గోపమ్మ కర్రతో నేల మీద రెండుసార్లు కొట్టింది. "గదేం షరతురా నాయినా," అంది.

*

పోలీసుల సైబర్ నంబరుకు, బీమా కంపెనీకి ఫోన్లు అయిపోయాక అసలు పని మొదలైంది. దొంగలు మిగతా గిరాకీలకు ఫోన్ చేయకముందే తాము చేయాలి. జాగ్రత్త అని చెప్పడానికి ఏ షరతూ అడ్డం లేదన్నాడు ప్రేమ్‌సాగర్. కానీ నంబర్లన్నీ తాళం పడ్డ కంప్యూటర్లో ఉన్నాయి. ఎస్తేరు బీరువాలోంచి పాత బిల్లు పుస్తకాలు తీసి కింద పెట్టింది. కార్బన్ కాపీల మీద నంబర్లున్నాయి గానీ, సగానికి పేర్లు అలికిపోయాయి.

"ఫలానా తారీకు, ఒక పొట్టేలు, ఇరవై రెండు కిలోలు. పేరు కనవడ్తలేదు పెద్దమ్మా."

గోపమ్మ కళ్లు మూసుకుంది. "పోయిన మాఘమాసమా? మెడ మీద నల్లమచ్చ, ఒక కొమ్ము వంకర. గది మా బీరన్న మందలది. మునుగోడు టీచర్ సాబ్ తీస్కపోయిండు, కొడుకు పుట్టెంటికలకు."

ఎస్తేరు నంబరు కొట్టింది. "సార్, మీరు మునుగోడు టీచర్ గారేనా? మా గొర్ల కంపెనీ పేరు మీద ఎవలన్న పైసలడిగితె ఇయ్యకుండ్రి." అవతలి టీచర్ గారికి ఆ పొట్టేలు ఎంత మెత్తగా ఉడికిందో కూడా ఇంకా గుర్తుంది. అది ఐదు నిమిషాలు వినాల్సి వచ్చింది.

రెండు రోజులూ అదే పని. గోపమ్మకు మనుషుల పేర్లు నిలవవు. గొర్రెలు మాత్రం పోయినవీ ఉన్నవీ అన్నీ వరసగా కళ్ల ముందుకు వస్తాయి. చెవి తెగినది చౌటుప్పల్ డాక్టరమ్మకు, కుంటిది కట్టంగూరు హోటల్‌కు, ఈనకుండా సతాయించినది ఆలేరు పటేల్‌కు. ఆమె చెబుతుంటే ఎస్తేరు నవ్వుతూ కొత్త నోట్‌బుక్‌లో రాసుకుంది. మంగళవారం మధ్యాహ్నానికి నాలుగు వందల మంది దాకా అయ్యారు. అందులో తొమ్మిది మందికి తర్వాత దొంగలు కూడా ఫోన్ చేశారు. ఎస్తేరు ఫోను ముందే అందడంతో ఆ తొమ్మిది మందీ వాళ్లను నోరారా తిట్టి పెట్టేశారు. విజేందర్ తప్ప ఒక్కరూ మోసపోలేదు. పరశురాములు అన్న మాట ఎస్తేరుకు మధ్యమధ్యలో గుచ్చుకుంటూనే ఉంది గానీ, పని సంబరంలో అంత లోతుకు దిగలేదు.

టీ తాగేటప్పుడు గోపమ్మ తన ఫోను తీసి పాత ఫొటోలు చూడసాగింది. కోల్డ్ రూము ప్రారంభం నాటి ఫొటో ఆమెకు ప్రాణం. మెడలో శాలువా, చేతిలో పూలగుత్తి, పక్కన మీసం దువ్వుకుని పరశురాములు. ఆ ఫొటోను ఆయనే కంపెనీ ఫేస్‌బుక్ పేజీలో పెట్టాడు. అప్పట్లో రెండు వేల మంది చూశారట.

"ఏమే, నా ఎనుక గోడ మీద ఎర్రగ గదేందే?" అంది గోపమ్మ.

ఎస్తేరు ఫోను అందుకుని ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసింది. శాలువా పక్కకు పోయింది, మీసం పక్కకు పోయింది, గోడ దగ్గరికొచ్చింది. ఒక పక్క కంపెనీ బోర్డు, దాని మీద మెయిల్ అడ్రసు. బోర్డు కింద గోడ మీద అరచేయంత ఇంగ్లీషు అక్షరాలు, గొర్రెల వీపుల మీద గుర్తుపెట్టే ఎర్ర రంగుతో. కంప్యూటర్ పాస్‌వర్డు.

ఇద్దరూ తలెత్తి ఎదుటి గోడ చూశారు. అక్కడిప్పుడు క్యాలెండర్ వేలాడుతోంది.

ఆ రంగు పూసింది గోపమ్మే. ఆదివారాలు ఎస్తేరు ప్రార్థనకు పోతే పరశురాములు కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. కూర్చున్న ప్రతి ఆదివారం పాస్‌వర్డ్ మరిచిపోయి, ప్రార్థనలో ఉన్న పిల్లకు ఫోన్ చేసేవాడు. పిల్లను దేవుడి దగ్గర కూడా ప్రశాంతంగా ఉండనివ్వడం లేదని గోపమ్మకు కోపమొచ్చింది. తప్పిపోయిన గొర్రె ఎవరిదో తెలియాలంటే వీపు మీద రంగు పూస్తాం కదా, ఇదీ అంతేనని, ఇంగ్లీషు రాకపోయినా చీటీ చూసి అక్షరాలను బొమ్మలు గీసినట్టు గీసింది. వద్దు పెద్దమ్మా అని ఎస్తేరు మొత్తుకుంది. తర్వాత ప్రాణం ఆగక తనే పైన క్యాలెండర్ తగిలించింది. అప్పటికే శాలువా కప్పడం, ఫొటో తీయడం, రెండు వేల మంది చూడటం అయిపోయాయి.

"అంటె నేనే చెప్పిన్నా," అంది గోపమ్మ. "ఊరందరికి, దేశమందరికి."

ఎస్తేరుకు మాత్రం గుండెల మీంచి బరువు దిగినట్టయింది. "సార్‌కు చెప్తం పెద్దమ్మా! నేను ఎవలికి చెప్పలేదని తెలుస్తది."

అప్పుడే లోపలికి వచ్చిన ప్రేమ్‌సాగర్ ఫొటో చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. తలుపు దగ్గరికి వేశాడు. "చెల్లె, నోరు మూయ్. పెద్దమ్మా, నువ్వు గూడ. అధ్యక్షురాలే గోడ మీద పాస్‌వర్డ్ రాసిందని బయటికొస్తే బీమా కంపెనీ ఒక్క పైస ఇయ్యదు. విజేందర్ కోర్టుకు పోతె కంపెనీ మునుగుతది. ఎంక్వయిరీ అయ్యేదాంక తప్పెవలిదో ఎవ్వలం చెప్పొద్దు."

"మరి నన్ను అంటున్నరు గదన్నా!"

"నాలుగు రోజులు ఓర్సుకో. నూట అరవై ఇండ్లు చెల్లె."

ఎస్తేరు గోపమ్మ వైపు చూసింది. గోపమ్మ కర్ర తల మీద గడ్డం ఆనించి నేల చూస్తోంది.

సాయంత్రం పరశురాములు వచ్చి డైరెక్టర్ల తీర్మానం చెప్పాడు. బీమా కంపెనీ ఎంక్వయిరీ మేడం హైదరాబాద్ నుంచి గురువారం వస్తుంది. అప్పటిదాకా ఎస్తేరు ఇంటి దగ్గరే ఉండాలి. "అనుమానమున్నోళ్లను కంప్యూటర్ దగ్గర ఉంచితె రేపు మాకే మాటొస్తది," అన్నాడు. ఎస్తేరు తాళంచెవులు టేబుల్ మీద పెట్టింది. గోపమ్మ ఏదైనా అంటుందేమోనని చెప్పులు తొడుక్కోవడానికి కావలసినదానికంటే ఎక్కువసేపు తీసుకుంది. గోపమ్మ అనలేదు. ఆ ముసలామె మీద అంత కోపం వస్తుందని ఎస్తేరు ఎన్నడూ అనుకోలేదు.

*

బుధవారం వాడలో ఎస్తేరు ఇంటి ముందు నుంచి పోయినవాళ్లంతా ఆగి అడిగి పోయారు. పనికి పోలేదా బిడ్డా అని ఒకరు, ఏదో పైసల గోల్‌మాల్ అయిందట గదా అని ఇంకొకరు. నల్లా దగ్గర అయితే ఆ మాట అప్పటికే పెరిగి, లక్షలు అని కూడా తేలింది. ఎస్తేరు జవాబు చెప్పకుండా బిందె నింపుకుని వచ్చింది. జవాబు తన ఫోన్లోనే ఉంది, కంపెనీ ఫేస్‌బుక్ పేజీలో, గోపమ్మ శాలువా పక్కన, ఎర్రగా. చూపిస్తే నిమిషంలో అయిపోతుంది. నూట అరవై ఇళ్లు అన్న మాట అడ్డం వచ్చి ఊరుకుంది. ఊరుకున్నందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

నాయిన కృష్ణయ్య మధ్యాహ్నం చెలక నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాడు. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో పదేళ్లు బస్తాలెత్తి కొన్న ఎకరంన్నర ఆ చెలక. రాళ్లు ఏరడంతోనే ఆయనకు ఎండాకాలమంతా గడిచిపోతుంది.

"నువ్వు తియ్యలేదు గదా బిడ్డా," అన్నాడు.

"గట్లెట్ల అడుగుతవు నాయినా!"

"నాకు తెల్వక అడుగుతలేను. నీ నోటెంట ఒక్కసారి వింటె, నల్లాకాడ గట్టిగ చెప్పొస్త. అందుకే."

ఎస్తేరుకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. "తియ్యలే," అంది. కృష్ణయ్య తువ్వాలు భుజాన వేసుకుని నల్లా వైపు నడిచాడు. ఏం చెప్పాడో గానీ ఆ సాయంత్రం ఆగి అడిగేవాళ్లు సగానికి తగ్గారు.

*

గురువారం పదకొండు గంటలకు మంజులత అనే ఎంక్వయిరీ మేడం కారు దిగింది. ముప్పై దాటని వయసు, భుజాన పెద్ద సంచి, కాళ్లకు బూట్లు. ఎస్తేరును కూడా పిలిపించారు. గదిలో డైరెక్టర్లు, ప్రేమ్‌సాగర్, గోడవార బల్ల మీద గోపమ్మ. తిరిగే కుర్చీ ఖాళీగా ఉంటే మంజులత అందులో కూర్చుని, తన ల్యాప్‌టాప్‌ను తాళం పడ్డ కంప్యూటర్‌కు తగిలించింది.

"నెట్ వైరు ఎవరు పీకారు?"

"నేనే మేడం," అంది ఎస్తేరు, ఇంకేం తప్పు జరిగిందోనని.

"మంచి పని చేశారు. లేకపోతే మీ హైదరాబాద్ హోటల్ కంప్యూటర్లకు కూడా పాకేది." మంజులత చాలాసేపు తెర మీది వరసలు చదివింది. "ఆదివారం పగలు పదకొండున్నరకు బయటి నుంచి లోపలికొచ్చారు. విచిత్రమేంటంటే, పాస్‌వర్డ్ కోసం వెతకనే లేదు. మొదటిసారికే సరిగ్గా కొట్టారు. ఎవరో చెప్పినట్టే ఉంది."

పరశురాములు కుర్చీలోంచి సగం లేచాడు. "నేను సోమారం నాడే అన్న గదా మేడం! లోపలోళ్లే. పాస్‌వర్డ్ ఈ పిల్ల దగ్గరనే ఉంటది."

అందరి చూపూ ఎస్తేరు మీదికి తిరిగింది. ఆమె చేతిలో ఫోను ఉంది. ప్రేమ్‌సాగర్ దూరం నుంచే తల అడ్డంగా ఊపుతున్నాడు. ఇక ఓర్చుకోను, ఏమైతే అయింది అనుకుంది ఎస్తేరు. నోరు తెరిచింది.

ఆమెకంటే ముందు కర్ర చప్పుడైంది. గోపమ్మ బల్ల మీంచి లేచి, గోడ దగ్గరికి పోయి, క్యాలెండర్ తీసి పక్కన పెట్టింది. ఏడాది నుంచి ఎండ తగలని అక్షరాలు ఇప్పుడే పూసినంత ఎర్రగా ఉన్నాయి.

"చెప్పింది నేను మేడం. గీ రంగు పూసింది నేను. గీ గోడ ముంగట శాలువ కప్పుకొని ఫొటో దిగింది నేను. గీ పిల్ల వద్దనే అన్నది. రెండు దినాలాయె, ఎరుకుండి సప్పుడు జేయక కూసున్న. గది ఇంకో తప్పు."

"అయిపాయె," అన్నాడు ప్రేమ్‌సాగర్, కాగితాలు మడుస్తూ.

మంజులత లేచి గోడ దగ్గరికి వచ్చింది. అక్షరాలను వేలితో తడిమింది. తర్వాత ఫొటో అడిగి చూసింది. పెదవులు బిగపట్టినా నవ్వు ఆగక బయటికొచ్చింది. "ఆరేళ్ల నుంచి ఈ పని చేస్తున్నానమ్మా. కీబోర్డు కింద చీటీలు చూశాను, అద్దాల మీద స్టిక్కర్లు చూశాను. ఇంత పెద్దగా రాసినవాళ్లను చూడలేదు."

"పైసలు రావు గదా మేడం?" గోపమ్మ అడిగింది. "రాకపోతె రాకపాయె. మా గొర్లనమ్మి విజేందర్‌కు కడుత."

"మీరు ఏమీ అమ్మొద్దు. ఎవరికీ ఏమీ కడతాననొద్దు, షరతు ఉన్నది అందుకే. బయటివాళ్లు నష్టం అడిగితే ఇంత ఇస్తాం, తప్పు మాదే అని మీ అంతట మీరు బేరం కుదుర్చుకోవద్దు, అది మాకు వదిలేయండి అని. మాకు నిజం చెప్పొద్దని కాదు." ప్రేమ్‌సాగర్ వైపు చూసింది. "మీ ఆఫీసులో ఒక పిల్ల మీద నింద పడుతుంటే చూస్తూ ఊరుకోమని అసలే కాదు. మనుషులు తప్పు చేస్తారనే కదమ్మా ఇన్సూరెన్స్. తెలియక చేసిన తప్పుకు పాలసీ ఉంది. ఈ క్యాలెండర్ ఇట్లాగే ఉంచి, మాకు తెలియదని సంతకాలు పెట్టి ఉంటే మాత్రం రేపు నేనే పాలసీ రద్దు చేయమని రాసేదాన్ని."

ప్రేమ్‌సాగర్ మడిచిన కాగితాలు మళ్లీ విప్పాడు. ఆ షరతు ఉన్న చోట వేలు పెట్టి, పెదాలతో చదువుకున్నాడు. "గట్లనే ఉన్నది," అన్నాడు సన్నగా.

మిగతాది చకచకా జరిగిపోయింది. విజేందర్ సంగతి బీమా కంపెనీ వకీలు చూసుకుంటాడు. అక్కడి నుంచి అనుమతి మెయిల్ తెప్పించి, శుక్రవారం పొట్టేళ్లు పంపడానికి మంజులతే ఏర్పాటు చేసింది. ఎస్తేరు రాసిన నోట్‌బుక్ చూసి, నాలుగు వందల మందిలో ఒక్కడికే నష్టం జరిగిందంటే ఇది రాసినవాళ్ల వల్లేనని రిపోర్టులో ఒక వాక్యం చేర్చింది. ఎస్తేరు ఆ వాక్యాన్ని తెర మీద రెండుసార్లు చదివింది.

కారు వెళ్లాక పరశురాములు గొంతు సవరించుకుని, "సరే, రేపట్నుంచి పనికి రా," అన్నాడు. అంతే. నాలుగు రోజులు తనను దొంగ అన్న మనిషి, తప్పిపోయిన చెప్పు దొరికినంత తేలికగా అనేసి మోటార్ సైకిల్ ఎక్కాడు.

ఎస్తేరుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "పెద్దమ్మా, నేను వస్తనో రానో. గదిలున్న నలుగురికి తెలిసింది. నల్లాకాడ అందరు దొంగ అనుకుంటున్నరు. వాళ్లకెవలు చెప్తరు?"

గోపమ్మ ఆమె మొహంలోకి చూసింది. తర్వాత కర్ర తీసుకుని వెళ్లిపోయింది.

*

శుక్రవారం ఎస్తేరు పనికి పోలేదు. సాయంత్రం ఎండ తగ్గాక నాయినకు సాయంగా చెలకలో రాళ్లు ఏరుతోంది. చిట్యాల రోడ్డు మీద దుమ్ము లేచింది. దుమ్ము వెనక గొర్రెలు. ముందు బీరన్న, వెనక గోపమ్మ, ఆమె వెనక ఇంకో మంద, దాని వెనక ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, నెత్తిన మంద చుట్టూ కట్టే వల మోపుతో పరశురాములు. గొర్రెలు రోడ్డు దిగి కృష్ణయ్య చెలకలోకి వచ్చేశాయి.

కృష్ణయ్య చేతిలో రాయి కింద పడేసి పరుగెత్తాడు. "ఓ గోపమ్మా! గిటు కాదు. దారి తప్పినట్టున్నరు."

"దారి తప్పలే. మంద పెట్టనీకె వచ్చినం. మూడు రాత్రులు."

వానల ముందు చెలకలో రాత్రి మందను పడుకోబెడితే, ఆ ఎరువుతో పంట రెండింతలవుతుంది. దానికోసం పెద్ద రైతులు గోపమ్మ ఇంటికి నెలల ముందే వచ్చి మాట్లాడుకుంటారు, రాత్రికింత అని కడతారు. వాడవాళ్ల చెలకల వైపు ఏ మందా వచ్చింది లేదు. కృష్ణయ్య చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూనే ఉన్నాడు. "నాతోని కాదు గోపమ్మా. అన్ని పైసలు నాకాడ యాడివి?"

"పైసలెవలు అడిగిండ్రు? మా మంద ఎవల చేన్ల పడి మేసినా, ఆ చేన్ల తెచ్చి పండవెడుతం. గది మా కట్టుబాటు. నోటితోని తప్పాయె అంటె సరిపోదు." గోపమ్మ ఎస్తేరు వైపు చూసింది. "నీ బిడ్డ పేరు మేసినం మేము. నేనొక దిక్కు, ఈయనొక దిక్కు."

పరశురాములు నెత్తి మీది వల మోపు దించాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఎస్తేరు ముందుకొచ్చి నిలబడ్డాడు గానీ ఆమె కళ్లలోకి చూడలేక కాళ్ల దగ్గరి మన్ను చూశాడు.

"యాడ పెట్టమంటవు బిడ్డా?"

ఆయన తనను బిడ్డా అనడం ఎస్తేరు వినడం అదే మొదటిసారి. ఆమె తొందరపడలేదు. చెలకంతా ఒకసారి కలియచూసింది. ఏ మూల మొలక లేవదో, ఏ మూల నాయిన ఎక్కువ తిట్టుకుంటాడో ఆమెకు తెలుసు. చెయ్యెత్తి రాళ్లమూల చూపించింది. పరశురాములు వల భుజాన వేసుకుని అటు నడిచాడు. గూటాలు కొట్టాడు, వల కట్టాడు, బీరన్న అదిలిస్తే గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ లోపలికి పోయాయి.

రోడ్డు మీద పోతున్న బస్సు ఆ మందలను చూసి నెమ్మదించింది. వాడకు పోయేవాళ్లు ఆగారు, నల్లా దగ్గరి ఆడవాళ్లు బిందెలతో వచ్చి గట్టు మీద నిలబడ్డారు. బస్సు కిటికీలోంచి ఎవరో అరిచి అడిగారు.

"ఓ కాకా! గంత పెద్ద మంద ఎవల చెలకల పెట్టిండ్రు?"

కృష్ణయ్య జవాబు చెప్పేలోపే, చివరి గూటం మీద సుత్తి ఆపి, పరశురాములు ఊరంతా వినేలా అరిచాడు.

"మా ఎస్తేరు మేడంది!"